ఇరవైమూడో గడప

తపాలా కచేరీ మూసేస్తున్నారని బీరువా జరిపితే
గోడకీ చెక్కకీ మధ్య ఇరుక్కుని ఉంది పటం.
గుడ్డ మీద అంటించిన కాగితం, మడతల దగ్గర తేనెరంగు తిరిగింది.
ఒక మూల శిఖరాన్ని ఎలుక కొరికేసింది.
కింద చిన్న అక్షరాల్లో: ఒసోయ్నిక లోయ, 1887.

కొండలన్నీ గోధుమరంగు గీతలు.
వేడిపాల మీద ఊదితే మీగడ ముడుచుకున్నట్టు
ఒకదాని వెనక ఒకటి, ఒకదాన్నొకటి తాకకుండా,
చరియల దగ్గర మాత్రం ఊపిరాడనంత ఒత్తుగా.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ గీతలు నా మోకాళ్ళకు తెలుసు,
కళ్ళతో చూడ్డం ఇదే మొదలు.

వాగు పేరు తప్పు రాశారు.
ఎండిపోయేదని మేం సుహా అంటే
జర్మన్ చెవితో విన్నవాడెవడో త్సుకర్ అని రాసుకున్నాడు.
ఎండు వాగు కాస్తా చక్కెర వాగైంది.
మంచు కరిగే నెలలో గొర్రెల్ని మింగే నీళ్ళకు
ఎంత తీపి పేరు!

ఇళ్ళు నల్లటి చదరాలు. మిరియపు గింజంత కూడా లేవు.
ఉత్తరాలు పంచేదాన్ని కదా, వేలు పెట్టి లెక్కపెట్టాను.
కమ్మరి కొలిమి, వంతెన పక్క మిల్లు,
హిమపాతం తోసుకుపోగా పునాదులు మిగిలిన రెండూ,
ఇప్పుడు వేసవిలో పట్నం వాళ్ళకి అద్దెకిచ్చే కోసెల్ వాళ్ళది...
ఇరవైరెండు నాకు తెలుసు. కుక్కలతో సహా తెలుసు.
ఇరవైమూడోది
నీడవాలు పైన, బీచ్ చెట్లు ఆగిపోయే చోట.
అక్కడ ఏనాడూ ఇల్లు లేదు. ఒక్క పునాదిరాయి లేదు.

యెర్నేయ్ తాతని అడిగాను. తొంభై దాటాయి.
జున్ను కోస్తూ, కత్తి ఆపకుండానే చెప్పాడు.

కొలతలకొచ్చిన లెఫ్టినెంట్ వొంద్రాచెక్
ఆ ఎండాకాలం వాళ్ళ గడ్డి అటక మీదే పడుకున్నాడట.
పగలు మూడుకాళ్ళ బల్ల, ఇత్తడి గొట్టం.
రాత్రి దీపం, దీపం చుట్టూ పురుగులు.
తాత వాళ్ళ నానమ్మ నేజాకి అప్పుడు పందొమ్మిది.
పాలు ఇవ్వడానికి వచ్చి అతని భుజం మీంచి చూసిందట.
"ఇదేంటి?"
"మీ ఇల్లు."
"ఇది?"
"గొర్రెల కొట్టం."
"అయితే ఇక్కడొకటి పెట్టు.
లోవ్రెంత్స్ కడతానన్నాడు, గడ్డికోతలయ్యాక."
లేనిది గీస్తే నా కొలువు ఊడుతుంది అన్నాడట వొంద్రాచెక్.
గీశాడు మరి.

గడ్డికోతలయ్యాయి. లోవ్రెంత్స్ కనుమ దాటి
రైలు సొరంగం తవ్వే పనికి పోయాడు.
అక్కణ్ణుంచి ఒకే ఒక్క ఉత్తరం:
నేజాకి, ఇంటి నంబరు ఇరవైమూడు, ఒసోయ్నిక.
అప్పటి తపాలావాడు మూడు రోజులు సంచిలో మోసి మోసి
విసుగొచ్చి చర్చిలో బల్ల మీద వదిలేశాడట.
(నేనైతే అలా చేసేదాన్ని కాదు.)
అందులో ఏముందో తాతకి తెలీదు.
"చదివింది. పొయ్యిలో వేసింది.
తర్వాత మా తాతని చేసుకుంది. బాగానే బతికింది" అన్నాడు,
జున్నుముక్క నా వైపు తోస్తూ.

నిన్న నా ఆఖరి రోజు. సంచిలో మిగిలినవి
రెండు కరెంటు బిల్లులు, ఒక విత్తనాల జాబితా.
ఇచ్చేసి, పటం చంకలో పెట్టుకుని ఎక్కాను.
సరిగ్గా అక్కడ
గీతకీ గీతకీ మధ్య ఎడం పెరుగుతుంది,
నిద్రలో కొండ కాస్త ఒత్తిగిలి
పక్కలో చోటిచ్చినట్టు.
పదిహేను అడుగుల చదును.
నీడవాలు అంతటిలో అక్కడొక్కచోటే ఎండ.
నేజాకి తెలుసు ఎక్కడ అడగాలో.

మొదటి మంచు చీలమండ దాకా పడి ఉంది.
తలుపు ఎటువైపు పెట్టేవాళ్ళా అని చూశాను.
వాగు వైపే అయుంటుంది, గాలి ఇటు కొడుతుంది కాబట్టి.
అడుగు పెట్టబోతూ ఆగి
బూట్లు దులుపుకున్నాను.